గుట్టెక్కితేనే బొట్టు

ఎర్రగుట్ట అడవికి ఆ ఏడు ఎండలు ముదరకముందే నిప్పంటుకుంది. మూడు రోజులు కాలింది. ఆరాక చూస్తే వాగు ఊట పక్కనున్న పచ్చికబీడు ఒక్కటే మిగిలింది. మిగతాదంతా నల్లనేల, అక్కడక్కడా నాలుగు చెట్లు.

పరిగెత్తగలిగినవాళ్ళు బయటపడ్డారు. కాళ్ళు కాలినవాళ్ళు ఎనిమిదిమంది దొనపల్లంలో కూలబడ్డారు. ఒక ముసలి ఏదుపంది, రెండు కుందేళ్ళు, ఒక కొండగొర్రె, మంద తప్పిన మూడు మేకలు, దుప్పి కూతురు చుక్కి. చుక్కికి ముందుగిట్టలు రెండూ కాలాయి. లేస్తే పడిపోతుంది.

పల్లంలో నీళ్ళు లేవు. వాగు దూరం. అది చూసి అడవిదున్న ఒక్క మాట అంది.

"వాగుకి పోయేవాళ్ళు వచ్చేటప్పుడు నోటినిండా పచ్చగడ్డి పట్టుకురండి. పల్లంలో పడేసి పొండి. ఆ తడితోనే వాళ్ళు బతకాలి."

దానికి సభ పెట్టలేదు, పేరు పెట్టలేదు. తాగిపోయేవాళ్ళు గడ్డి పట్టుకొచ్చేవాళ్ళు. కణుజు జింక తెచ్చేది, కొండముచ్చు తెచ్చేది. దుప్పి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తెచ్చేది. కూతురితోపాటు అందరికీ పెట్టేది. పన్నెండు రోజులు అలా గడిచింది.

పదమూడో రోజు నక్క ఏనుగు దొర దగ్గరికి వెళ్ళింది. వాగు, పచ్చికబీడు దొర ఏలుబడిలోవి.

"దొరా, ఇంత పుణ్యం జరుగుతోంది. పేరెవరిది?"

"ఎవరిదో ఏంటి? గడ్డే కదా, తింటున్నారు."

"గడ్డి మీది. మోత జనానిది. దొరని ఎన్నుకునే తొలకరి సభ ఎంతో దూరం లేదు. అవతలి ఒడ్డు ఎలుగుబంటి ఈసారి దొరతనానికి తానూ నిలబడతాడట. ఆ గడ్డి నా చలవేనని చెప్పుకుంటే?"

ఏనుగు చెవులు ఆడించడం ఆపింది.

"ఏం చెయ్యాలంటావు?"

"పద్ధతి పెట్టాలి దొరా. మిగతాది నేను చూసుకుంటా."

మర్నాటికి 'ఏనుగు దొర కాలినకాళ్ళ సేవా సంఘం' పుట్టింది. నక్క కార్యదర్శి. గుట్టమీద చదును బండ ఆఫీసు. పచ్చికబీడు చుట్టూ ముళ్ళకంప దడి. దడి దగ్గర అడవిపంది కాపలా. గడ్డి పీకడానికి కోతులు, మొయ్యడానికి ఊరొదిలి వచ్చిన గాడిద. గడ్డి కావలసినవాళ్ళు గుట్టెక్కి కార్యదర్శికి కాళ్ళు చూపించాలి. చూసి నుదుట ఎర్రమట్టి బొట్టు పెడతాడు. బొట్టున్నవాళ్ళ ఇంటికే గాడిద మోపు వేస్తుంది.

ఆ సాయంత్రం దుప్పి దడి దగ్గరికి వెళ్ళింది.

"బొట్టేదీ?" అంది పంది.

"నాకు కాదు. నా కూతురికి."

"కూతురి నుదురు చూపించు."

"అది పల్లంలో ఉంది."

"అయితే దాని బొట్టూ పల్లంలోనే ఉండుంటుంది. జరుగు."

దారిలో కణుజు ఎదురైంది. ఖాళీ నోటితో వస్తోంది.

"వదినా, గడ్డి తేలేదా?" అంది దుప్పి.

"ఇంకా మేమెందుకు వదినా? సంఘం వచ్చిందిగా! దొరగారే చూసుకుంటారట. మేం పీకితే దొంగతనమట కూడాను." కణుజు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "ఏదో, ఒక పని తగ్గింది."

పల్లంలోకి ఆ రోజు గడ్డి రాలేదు.

*

మర్నాడు దుప్పి గుట్టెక్కింది.

"నక్క తమ్ముడూ..."

"ఇక్కడ తమ్ముడూ గిమ్ముడూ వద్దు దుప్పక్కా. కార్యదర్శి అను. బాగుంటుంది."

"కార్యదర్శిగారూ, మా చుక్కికి బొట్టు కావాలి."

"దానికేం భాగ్యం! తీసుకురా."

"నడవలేదు."

"నడవలేనివాళ్ళకేగా బొట్టు. తీసుకురా."

"నడవలేని పిల్ల గుట్టెలా ఎక్కుతుంది?"

"అది నీ ఇంటి సంగతి అక్కా. కళ్ళతో చూడకుండా బొట్టు పెడితే రేపు ఎలుగుబంటి అడగడూ, ఎవరికి పెట్టావని?"

"నువ్వొచ్చి చూడు. ఎంత దూరమని?"

"నేను దిగితే ఇక్కడి పనో? పైగా అక్కడ నేల పెనంలా ఉంటుందట. కాళ్ళు కాలవూ?"

దుప్పి గుట్ట దిగింది.

ఆ మాటలు దుప్పి పల్లంలో చెప్పింది. ముసలి ఏదుపంది విని లేచింది. అందరూ దాన్ని ముళ్ళతాత అంటారు.

"ఎవరో ఒకరు వెళ్ళాలిగా! నేను ముసలాణ్ణి. పోయేదేముంది? ఒక్క బొట్టు వచ్చినా మోపు గడ్డి వస్తుంది. పంచుకుందాం."

తెల్లారాక బయల్దేరి, పాకుతూ, ఆగుతూ, ఎండ నడినెత్తికి వచ్చేసరికి తాత గుట్టెక్కాడు. దుప్పి పక్కనే నడిచింది. తాత నడిచినచోటల్లా రాయిమీద తడి మచ్చలు పడ్డాయి.

నక్క తాతని కిందికీ మీదికీ చూసింది.

"ఎలా వచ్చావు తాతా?"

"నడిచే వచ్చాను నాయనా."

"చూశావా! నడవగలవు. నడవలేనివాళ్ళకే బొట్టు. నీకు పెడితే నిజంగా నడవలేనివాడికి అన్యాయం చేసినట్టు కాదూ?"

"నా కాళ్ళు చూడు..."

"కాళ్ళు ఎలా ఉన్నా పని చేస్తున్నాయి. సంతోషించు తాతా!"

తాత దిగడానికి సాయంత్రమైంది. మరుసటి రోజు కళ్ళు తెరవలేదు. పల్లంలో ఏడుగురు మిగిలారు.

చుక్కి ఎండుటాకులు నమిలి ఉమ్మేసింది.

"అమ్మా, దాహం."

దుప్పి తన నాలుకతో దాని మూతి తడిపింది. అంతకన్న దాని దగ్గర ఏమీ లేదు.

*

గాడిద రోజూ పల్లం పక్క దారినే మోపు మోసుకుపోయేది. దుప్పి ఎదురు వెళ్ళి నిలబడింది.

"బాబాయ్, ఒక్క పరక."

గాడిద ఆగింది. తల దించుకుంది.

"మొన్న కొంచెం జారవిడిచాను తల్లీ, మీ కోసమే. పంది చూశాడు. రెండు రోజులు నా మేత ఆపారు. నన్ను తీసేస్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. వాడు ఈ దారినైనా రాడు."

"ఎవరింటికి ఇదంతా?"

"నక్కగారి బావమరిది ఇంటికి."

దుప్పి అర్థం కానట్టు చూసింది.

"నక్కలు గడ్డి తినవుగా?"

"తినవు. పరుచుకుంటారు. బొరియలో చల్లగా ఉంటుందట."

"ఇంకా ఎవరికి?"

"పంది తమ్ముడికి. కోతులకి నాలుగు మోపులు. వాళ్ళూ తినరు, ఊయల కట్టుకుంటారు." గాడిద ఒక చెవి విదిలించింది. "ఊళ్ళో చాకలివాళ్ళ బట్టలు మోశాను. అవి కనీసం ఎవరో ఒకరు కట్టుకునేవాళ్ళు."

"దొరకి తెలుసా?"

"దొర గుట్టదాకానే వస్తాడు. గుట్టమీద నిలబడి చూస్తే బొట్లే కనపడతాయి."

గాడిద వెళ్ళిపోయింది. 

*

రెండు రోజుల తర్వాత కాకి వచ్చి పల్లం అంచున వాలింది.

"దుప్పక్కా, కార్యదర్శి రమ్మంటున్నాడు. వెంటనే."

దుప్పి వెళ్ళేసరికి గుట్టమీద హడావుడిగా ఉంది. నక్క తన మనుషుల్ని వరసలో నిలబెట్టింది. అందరి కాళ్ళకీ మోదుగాకులు చుట్టారు. అందరి నుదుటా ఎర్రబొట్లు.

"కుంటండ్రా!" అంది నక్క.

కోతి గెంతింది.

"కుంటమంటే గెంతుతావేంట్రా! కాలు ఈడ్వు, ఈడ్వు! ఏరా పంది తమ్ముడూ, ఇందాక ఎడమకాలు కుంటావు, ఇప్పుడు కుడికాలా?"

"రెండూ కాలాయనుకో అన్నా."

"బావమరిదీ, నువ్వెందుకు నవ్వుతున్నావు? ఏడవరా!"

"ఏడుపు రావట్లేదు బావా. కడుపు నిండి ఉంది."

నక్క విసుగ్గా వాళ్ళని వదిలేసి దుప్పి దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది.

"రేపు దొరగారు సంఘం చూడ్డానికి వస్తున్నారు. అడవంతా వస్తుంది. ఎలుగుబంటి మనుషులు అవతలి ఒడ్డునుంచి చూస్తారు. సంఘంలో అంతా నా చుట్టాలేనని ఊదరగొడుతున్నారు వాళ్ళు. అందుకని ఒక అసలు తల్లి మాట్లాడాలి. నువ్వు నాలుగు ముక్కలు చెప్పు. సంఘం మా పిల్లకి ప్రాణం పోసిందని చెప్పు. కళ్ళు తుడుచుకో. అంతే."

"చెబితే?"

"చుక్కికి బొట్టు. చూడకుండానే పెడతా."

"మిగతా ఆరుగురికి?"

"ముందు నీ ఇల్లు చూసుకో అక్కా. అందరి గోడూ నీకెందుకు?"

చుక్కి నాలుక ఎలా ఉందో దుప్పికి తెలుసు. ఒప్పుకుంటే రేపే గడ్డి. కానీ ఇచ్చిన బొట్టు ఎల్లుండి తుడిచేస్తే? తుడవకపోయినా, ఆరుగురి ముందు ఒక్క పిల్లకి గడ్డి ఎలా పెడుతుంది?

"సరే. మాట్లాడతాను," అంది.

"ఏం చెబుతావో ఒకసారి చెప్పు, విందాం."

"నాకు ముందుగా చెప్పుకోవడం రాదు. అక్కడ నిలబడితే వస్తుంది."

"తల్లి మనసు!" అంది నక్క మెచ్చుకోలుగా. "అలాగే కానీ. తక్కువ మాట్లాడు. బాగుంటుంది."

తిరిగి వెళ్ళేటప్పుడు దుప్పి గాడిదని పట్టుకుంది.

"బాబాయ్, రేపు ఎవరైనా దారి చూపించమంటే ఎటునుంచి తీసుకెళ్తావు?"

"రోజూ పోయే దారినే. నాకు ఇంకో దారి తెలియదుగా! ముందు బావమరిది బొరియ. తర్వాత మీ పల్లం పక్కనుంచి పంది తమ్ముడి ఇంటికి. ఏం?"

"ఏం లేదు. ఆ దారే పో."

*

ఏనుగు దొర పొద్దెక్కాక వచ్చింది. వెనక దాని మంద. ఆ వెనక అడవంతా. కణుజు వచ్చింది, అడవిదున్న వచ్చింది. అవతలి ఒడ్డున ఎలుగుబంటి బండమీద కూర్చుని తేనెపట్టు చప్పరిస్తోంది.

నక్క చాలాసేపు మాట్లాడింది. దొర దయ గురించి, దొర వీపు గురించి, దొర తాతగారి దంతాల గురించి. చివరికి, "ఇప్పుడు ఒక అభాగ్యురాలైన తల్లి నాలుగు ముక్కలు చెబుతుంది," అంది.

దుప్పి ముందుకు వచ్చింది.

"దొరా, నాకు మాట్లాడటం రాదు. ఒక్కటి అడుగుతాను. బొట్లు పెట్టుకున్న వీళ్ళంతా నడవలేనివాళ్ళు. కార్యదర్శిగారు స్వయంగా చూసి బొట్టు పెట్టారు. ఆ కాళ్ళతో మీకోసం గుట్టెక్కారు. దిగడం ఎక్కడం కన్న కష్టం. మొన్న ఒక ముసలాయన దిగాడు, మర్నాడు లేవలేదు. మీ వీపు పెద్దది. మీరే వీళ్ళని ఎత్తుకుని ఎవరింటి దగ్గర వాళ్ళని దింపితే..." ఆగి వాగు వైపు చూసింది. "అవతలి ఒడ్డువాళ్ళు కూడా చూస్తారు."

జనం చప్పట్లు కొట్టారు. ఏనుగు అవతలి ఒడ్డు చూసింది. ఎలుగుబంటి చప్పరించడం మానేసింది.

"భేష్! ఎక్కించండి," అంది ఏనుగు.

నక్క పరిగెత్తుకొచ్చింది.

"అబ్బే, మీకెందుకు శ్రమ దొరా!"

"నాకా? శ్రమా?"

"అంటే... వాళ్ళే నెమ్మదిగా నడిచి పోతారు లెండి."

"నడుస్తారా?" ఏనుగు తల తిప్పింది. "నడిచేవాళ్ళకి బొట్టెందుకు పెట్టావు?"

"నడవలేరు దొరా, నడవలేరు!"

"మరి ఎక్కించు. ఇళ్ళెవరికి తెలుసు?"

"నాకు తెలుసు దొరా," అంది గాడిద.

ఏనుగు తొండంతో ఒక్కొక్కళ్ళనే ఎత్తి వీపుమీద కూర్చోబెట్టింది. నక్క బావమరిది కెవ్వుమంది. పంది తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. కోతికి మాత్రం బాగానే ఉంది. ఊరేగింపు గుట్ట దిగింది. ముందు గాడిద, తర్వాత దొర, వెనక జనం. నక్క దొర తొండం పక్కనే పరిగెడుతూ, "అటు కాదు దొరా, ఇటు నీడగా ఉంటుంది," అని మూడుసార్లు అంది. గాడిదకి ఇంకో దారి తెలియదు.

సగం దూరంలో ఒక మేడిచెట్టు కనపడింది. కోతి కాలికి చుట్టిన ఆకులు ఊడిపడేలా ఎగిరి కొమ్మ పట్టుకుంది.

"కాలు నయమైనట్టుంది దొరా!" అంది నక్క. "సంఘం చలవ."

ఎవరో నవ్వారు. ఏనుగు నవ్వలేదు.

బావమరిది బొరియ వచ్చింది. దాన్ని దింపుతూ ఏనుగు ముక్కు ఎగబీల్చింది. తొండం లోపలికి పెట్టి లాగితే మూరెడు మందాన పచ్చగడ్డి బయటికి వచ్చింది. నలిగి, నక్క బొచ్చు అంటుకుని ఉంది.

"ఇదేంటి?"

"పరుపు దొరా," అంది గాడిద. దాన్ని అడిగారు కాబట్టి చెప్పింది.

అక్కడినుంచి దారి పల్లం పక్కగా వంపు తిరిగింది. ఏనుగు నల్లనేలమీద అడుగు పెట్టి వెంటనే ఎత్తింది. మళ్ళీ పెట్టింది. అప్పుడు కింద పడి ఉన్నవాళ్ళు కనపడ్డారు.

"వీళ్ళెవరు?"

దుప్పి పలికింది.

"కాళ్ళు కాలినవాళ్ళు దొరా. ఏడుగురు. మొన్నటిదాకా ఎనిమిది."

"మరి నుదుట బొట్లేవి?"

"గుట్టెక్కలేకపోయారు."

చుక్కి తల ఎత్తబోయి ఎత్తలేక నేలకి ఆనించింది. వీపుమీదున్న పంది తమ్ముడు తనంతట తానే జారి దిగి, రెండు కాళ్ళూ బాగానే ఉన్నట్టు మాడిన పొదల్లోకి పోయాడు.

"కార్యదర్శీ!"

"దొరా, నిబంధన ప్రకారమే అంతా..."

"నిబంధన ఎవరు రాశారు?"

"మీ పేరుమీదే రాశాను దొరా."

ఊరేగింపు చూసి వాగు దాటి వచ్చిన ఎలుగుబంటి జనం వెనకనుంచి పెద్దగా దగ్గింది. ఏనుగు చెవులు వెనక్కి వాలాయి. తప్పు నాదని అది అనలేదు. దొరలు అనరు. నేరుగా పచ్చికబీడు దగ్గరికి నడిచి, దడిమీద కాలు మోపి తొక్కింది. కంప పటపటా విరిగింది. పంది పక్కకి తప్పుకుంది.

"గడ్డి ఎవరైనా పీకవచ్చు. పల్లంలోకి తీసుకెళ్ళవచ్చు. బొట్లు లేవు," అంది. "సంఘం ఉంటుంది. కార్యదర్శీ ఉంటాడు. అయితే ఇకనుంచి పల్లానికి మొదటి మోపు కార్యదర్శి నోటితో పోవాలి. రోజూ."

"దొరా, నేల కాలుతుంది..."

"పొద్దున్నే బయల్దేరు," అంది ఏనుగు.

గాడిద అప్పటికే వీపునిండా గడ్డి వేసుకుని పల్లం దారి పట్టింది. కణుజు గబగబా నోటినిండా గడ్డి పీకి దుప్పి పక్కకి వచ్చి నడిచింది. నోట్లో గడ్డి ఉండగానే గొణిగింది.

"సంఘం చూసుకుంటుందనుకున్నా వదినా."

"చూసుకుంటుంది. నువ్వూ చూసుకో," అంది దుప్పి.

చుక్కి మొదటి పరక నమలడానికి చాలాసేపు పట్టింది. రెండోది తొందరగా నమిలింది. దుప్పి పక్కన నిలబడి చూసింది. ఆ తర్వాత మిగతా ఆరుగురి దగ్గరికి గడ్డి తీసుకెళ్ళింది.

మర్నాడు తెల్లవారగానే నక్క పల్లంలోకి దిగింది. ఒక్కో కాలూ ఎత్తి ఎత్తి వేస్తూ, నోట్లో గడ్డితో, మొహం పక్కకి తిప్పుకుని వచ్చి చుక్కి ముందు గడ్డి పడేసింది. చుక్కి దాన్ని వింతగా చూసింది.

"ఎవరమ్మా ఇతను?"

"మన సంఘం కార్యదర్శి."

"అలాగా? ఎప్పుడూ చూడలేదే!"

నక్క వచ్చినదారినే పోయింది.

నీతి: కదలలేనివాళ్ళ దగ్గరికి కదిలి వెళ్ళేదే సేవ, వాళ్ళనే కదిలి రమ్మనేది దర్బారు.